చెడిపోకముందే చూసి రావాలా?

అండమాన్ దీవులకు వెళ్ళి వచ్చినవారు చెప్పే మాటల్లో ఒకటి నన్ను చాలాకాలంగా వేధిస్తోంది. "అక్కడి సముద్రతీరాలు ఇంకా చెడిపోలేదు మాస్టారూ, చెడిపోకముందే ఒకసారి చూసి రండి" అంటారు. వారి ఆదరాన్ని నేను శంకించను. కానీ ఆ సలహాలో ఒక తీర్పు దాగి ఉన్నది. తీరం చెడిపోక తప్పదు, ఈలోగా మన వంతు మనం అనుభవించి రావాలి అని దాని తాత్పర్యం. పెళ్ళిలో వంటకాలు అయిపోతాయేమోనని ముందు బంతికే పరుగెత్తే ధోరణి ఇది.

ముప్పయ్యేళ్ళకు పైగా పిల్లలకు వ్యాకరణం చెప్పినవాణ్ణి కనుక నాకు ముందుగా క్రియాపదం మీదికే దృష్టి పోతుంది. "చెడిపోవు" అకర్మక క్రియ. "తీరం చెడిపోయింది" అన్నప్పుడు కర్త తీరమే. అదేదో పాలు విరిగినట్లు, వయసు మీద పడినట్లు దానంతట అదే జరిగిందన్న అర్థం వస్తుంది. "చెడగొట్టు" అన్నామా, ఎవరు అన్న ప్రశ్న వెంటనే పుడుతుంది. ఆ ప్రశ్న మనకు ఇబ్బంది కనుకనే మొదటి క్రియను ఎన్నుకుంటున్నామని నా అనుమానం.

ఇక్కడ చిలకలూరిపేటలో మాకు సముద్రమంటే వాడరేవు, సూర్యలంక. కార్తీకమాసంలో ఊళ్ళకు ఊళ్ళు ఆటోలలో, ట్రాక్టర్లలో సముద్రస్నానానికి తరలిపోతాయి. పుణ్యం మూటగట్టుకొని వస్తూ విస్తళ్ళు, ప్లాస్టిక్ గ్లాసులు, సీసాలు అక్కడే విడిచి వస్తాము. ఆ ఇసుక దానంతట అది చెడిపోలేదు.

నిరుడు మా ఆవిడతో కలిసి నేనూ అండమాన్ వెళ్ళి వచ్చాను. హేవ్‌లాక్ ద్వీపంలో (2018 నుండి దాని పేరు స్వరాజ్ ద్వీప్) రాధానగర్ తీరం చూశాము. ఇసుక అంచు దాకా ఎత్తయిన అడవిచెట్లు, విడిదిగృహాలు ఆ చెట్ల చాటున. 2004లోనే టైమ్ పత్రిక దానిని ఆసియాలో మేటి తీరంగా పేర్కొన్నది. 2020 అక్టోబరులో మనదేశంలో తొలిసారిగా బ్లూ ఫ్లాగ్ గుర్తింపు పొందిన ఎనిమిది తీరాలలో రాధానగర్ ఒకటి, మన విశాఖలోని రుషికొండ మరొకటి. పారిశుద్ధ్యం సరిగా లేదన్న ఫిర్యాదుల మీద 2025 మార్చిలో రుషికొండలో ఆ పతాకాన్ని దించవలసి వచ్చింది. తరువాత శుభ్రపరచి మళ్ళీ సంపాదించుకున్నారు. అంటే శ్రద్ధ తప్పితే గౌరవం పోతుంది, శ్రద్ధ పెడితే తిరిగి వస్తుంది. ఇందులో విధి ప్రమేయం ఏమున్నది?

దూరమే ఆ దీవులను కాపాడిందనేవారున్నారు. ఒకప్పుడు నిజమే. విశాఖ నుండో, మద్రాసు నుండో, కలకత్తా నుండో ఓడలో రోజుల తరబడి వెళ్ళవలసి వచ్చేది. ఇప్పుడు విమానం కొన్ని గంటల్లో పోర్ట్ బ్లెయిర్‌లో దింపుతుంది (2024లో ఆ ఊరికి శ్రీవిజయపురం అని పేరు మార్చారు). ఇక కాపాడవలసినది నియమమే. వండూరు వద్ద 1983లో ఏర్పడిన మహాత్మాగాంధీ సముద్ర జాతీయోద్యానంలో జాలీబాయ్ అనే చిన్న ద్వీపం ఉంది. పడవ ఎక్కకముందే సంచులు వెదికి ప్లాస్టిక్‌ను ఆపేస్తారు. మంచినీళ్ళకు వేరే సీసా అద్దెకు ఇచ్చి, తిరిగి తెచ్చేదాకా ధరావతు ఉంచుకుంటారు. రాత్రి బస లేదు. అన్నిటికంటె నాకు నచ్చినది, ఏడాదిలో కొన్ని నెలలు ఆ ద్వీపాన్ని మూసివేసి, ఆ కాలంలో రెడ్‌స్కిన్ అనే మరో ద్వీపానికి తీసుకుపోవడం. మన నల్లరేగడి రైతుకు ఇది వివరించి చెప్పనక్కరలేదు. పొలాన్ని బీడు పెట్టడమంటే తెలిసినవాడు. ఏటా పత్తి మీద పత్తి, మిరప మీద మిరప వేస్తే భూమి ఏమవుతుందో కూడా తెలిసినవాడు.

"ఇన్ని ఆంక్షలు పెడితే అక్కడివారి బ్రతుకులేం కావాలి?" అని అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ ద్వీపవాసులలో దాదాపు 13 శాతం మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుండి వేటకూ, కూలికీ వెళ్ళి స్థిరపడినవారి కుటుంబాలు చాలా ఉన్నాయి. యాత్రికుల మీద ఆధారపడి బ్రతికేవారు వారిలోనూ ఉన్నారు. తీరం పాడైననాడు యాత్రికుడు ఇంకో తీరం వెదుక్కుంటాడు. వారు ఎక్కడికి పోతారు? కనుక నియమం వారి పొట్ట కొట్టేది కాదు, వారి పిల్లలకు కూడా కాస్త మిగిల్చేది.

నియమం కూడా కాగితం మీది మాటే. గ్రేట్ నికోబార్‌లోని గలాథియా అఖాతం లెదర్‌బ్యాక్ అనే అతిపెద్ద సముద్రపు తాబేళ్ళు గుడ్లు పెట్టే తీరం. అది అభయారణ్యంగా ఉండేది. 2021 జనవరిలో ఆ హోదా తొలగించారు. పెద్ద ఓడరేవు, విమానాశ్రయం, కొత్త పట్టణం, విద్యుత్కేంద్రం కట్టే పథకానికి 2022లో పర్యావరణ అనుమతి వచ్చింది. దానికి ఇచ్చే అడవి సుమారు 130 చదరపు కిలోమీటర్లు. తాబేళ్ళ కోసం లిటిల్ నికోబార్‌లో వేరే అభయారణ్యం ప్రకటించామంటారు. పుట్టిన ప్రాంతానికే తిరిగి వచ్చి గుడ్లు పెట్టే స్వభావం గల ప్రాణికి ఆ ప్రకటనను ఎవరు చదివి వినిపిస్తారు? దేశానికి రేవు అవసరమన్న వాదనను నేను కొట్టిపారవేయను. కానీ రేపు అక్కడి తీరం లేకుండా పోతే "చెడిపోయింది" అని మాత్రం అనకండి. అక్కడ కర్త ఉన్నాడు, సంతకం ఉన్నది, తేదీ ఉన్నది.

మన సూర్యలంక తీరానికి నేటికీ ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు వస్తున్నాయి. అటవీశాఖవారు ఆ గుడ్లను సేకరించి, కంచె వేసి పొదిగించి, పిల్లలను సముద్రంలోకి వదులుతున్నారు. మనం విస్తళ్ళు పారవేసే ఇసుకలోనే ఆ తల్లి గుంట తవ్వుకుంటుంది.

అండమాన్ వెళ్ళవద్దని నేను చెప్పను. వెళ్ళండి, చూడండి, వ్రాయండి కూడా. కానీ "చెడిపోకముందే వెళ్ళండి" అని మాత్రం ఎవరికీ చెప్పకండి. "చెడగొట్టకుండా వెళ్ళి రండి" అనండి. వచ్చే కార్తీకానికి వాడరేవు వెళ్ళేటప్పుడు ఒక ఖాళీ గోతాం వెంట తీసుకువెళ్ళండి. మా వీధివారికి నేను ఇదే చెబుతున్నాను. కొందరు నవ్వుతున్నారు, ఇద్దరు ముగ్గురు తెస్తామన్నారు.