బొమ్మ చూసి తీర్పు

కథల పోటీ పెట్టే ప్రతి పత్రికా ‘న్యాయనిర్ణేతలదే తుది నిర్ణయం’ అని ఒక ముక్క అచ్చేస్తుంది. ఫలితాలు వచ్చాక ఆ ముక్కను కొట్టేస్తే మంచి రచయితలు మళ్లీ ఆ గుమ్మం తొక్కరు. కృష్ణ ఒడ్డున రాజధాని అమరావతి కట్టడాల పోటీలో అలాగే జరిగింది.

2016లో ప్రభుత్వ భవన సముదాయానికి ముగ్గురు ఉద్దండ వాస్తుశిల్పుల సంస్థలు పోటీపడ్డాయి. జపాన్ నుంచి ఫుమిహికో మాకీ, బ్రిటన్ నుంచి రిచర్డ్ రోజర్స్, అహ్మదాబాద్ నుంచి బాలకృష్ణ దోషి. మొదటి ఇద్దరూ అప్పటికే ప్రిట్జ్‌కర్ బహుమతి అందుకున్నవాళ్లు. దోషికి అది 2018లో వచ్చింది, భారతీయుల్లో ఆయనకే మొదట. క్రిస్టఫర్ బెనింజర్ అధ్యక్షతన జ్యూరీ కూర్చుని మార్చిలో మాకీని ఎంపిక చేసింది. బొమ్మలు బయటపడగానే ‘ఇవేం భవనాలు, థర్మల్ కేంద్రం పొగగొట్టాల్లా ఉన్నాయి’ అని వెక్కిరింతలు మొదలయ్యాయి. ఏడాది తిరక్కుండా మాకీ పోయి నార్మన్ ఫోస్టర్ వచ్చారు. తనకు అన్యాయం జరిగిందని మాకీ మన దేశ వాస్తుశిల్పులకు లేఖ రాశారు. 2017లో సినిమా దర్శకుడు రాజమౌళిని సలహాకు పిలిచారు. డిసెంబరులో శాసనసభకు చతురస్రాకారమా, సూదిమొన శిఖరమా అని జనాన్ని అడిగి, శిఖరాన్ని ఖాయం చేశారు.

వెక్కిరించినవాళ్ల మీద మాకు కోపం లేదు. వందేళ్లు కళ్లెదుట నిలిచే గోడ గురించి మాట్లాడే హక్కు ఊరివాళ్లకు కాక ఎవరికుంటుంది? చిక్కల్లా ఏం చూపించి అడిగారన్న దగ్గరే ఉంది. 250 మీటర్ల శిఖరాన్ని ఆకాశంలోంచి చూసినట్టు గీసి చూపిస్తే ఎవరైనా ఆకారం గురించే మాట్లాడతారు. హైకోర్టులో వాయిదాకు వచ్చిన రైతు మే నెల ఎండలో ఏ నీడన నిలబడతాడో ఆ బొమ్మలో కనిపించదు. కొండవీటి వాగు పొంగితే నీరెటు పోతుందో కూడా కనిపించదు. ఆ నీటిని కృష్ణలోకి తోడటానికి 2018లో ఉండవల్లి దగ్గర పంపులు పెట్టాల్సి వచ్చింది. నది ఒడ్డు కట్టడానికి మార్కులు వేసేవాళ్లు ముందుగా చూడాల్సింది నీటి దారిని. జ్యూరీ అయినా, జనమైనా.

హైకోర్టు మెట్ల కప్పుకు స్తూపాలే స్ఫూర్తి అని ఫోస్టర్ సంస్థ చెప్పింది. అనకాపల్లి వాళ్లం ఆ మాటను ఊరికే పోనివ్వలేం. శంకరం దగ్గర బొజ్జన్నకొండ, లింగాలకొండ మన గుమ్మంలోనే ఉన్నాయి. అక్కడ కొండరాతినే చెక్కి స్తూపాలుగా మలిచారు. స్తూపం చుట్టూ మనిషి ప్రదక్షిణం చేయాలి. నడక వదిలేసి రూపురేఖ మాత్రం పైకప్పుకు ఎత్తితే అది అలంకారమే అవుతుంది. ఫోస్టర్ గొప్ప వాస్తుశిల్పి కావచ్చు, ఈ ఒక్క ముచ్చట మాత్రం మాకు రుచించలేదు.

మధ్యలో ఆగిన అమరావతి పనులు 2025 మే 2న మళ్లీ మొదలయ్యాయి. ఆ కట్టడాల బొమ్మల మీద వాదన ఇక చెల్లదు. అనకాపల్లి మాత్రం 2022లోనే జిల్లా కేంద్రమైన ఊరు, ఇంకా ఎన్నో కట్టుకోవాలి. రేపు శారదా నది ఒడ్డున ఏ కట్టడానికి పోటీ పెట్టినా, మార్కులు దేనికెన్నో ముందే ప్రకటించాలి. జ్యూరీ రాసిన కారణాలను తెలుగులో అచ్చు వేయాలి. నమూనాలను బెల్లం మార్కెట్‌కు వచ్చే రైతు చూసేచోట, వరద మట్టం గీతతో సహా పెట్టాలి.