ఇన్‌స్టాల్ చేస్తే కాపలా అయిపోదు

కువైట్‌లో పనిచేస్తున్న మన నెట్‌వర్క్ ఇంజనీర్లలోనూ, వాళ్లకి పని అప్పజెప్పే మేనేజర్లలోనూ ఒక నమ్మకం బాగా పాతుకుపోయింది. లైనక్స్ సర్వర్ మీద నాగియోస్, జబ్బిక్స్ లాంటి మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ ఎక్కించి, స్విచ్‌లు, రౌటర్లు, సర్వర్లు అన్నీ అందులో చేర్చి, స్క్రీన్ అంతా పచ్చగా కనిపించేలా చేస్తే మానిటరింగ్ పూర్తయినట్టేనని, మిగతాది సాఫ్ట్‌వేర్ చూసుకుంటుందని. అమీర్‌పేటలో నేర్చుకుని వచ్చే పాఠం కూడా ఎక్కువగా అక్కడితోనే ఆగుతుంది. ఈ నమ్మకం తప్పు. ఏది చెడిపోతే ఎవరికి, ఎప్పుడు, ఏ దారిన తెలియాలో మనిషి తేల్చనంతవరకు అక్కడ సాఫ్ట్‌వేర్ ఉంది గానీ కాపలా లేదు.

నాగియోస్‌తో పాటు వచ్చే నమూనా ఫైళ్లనే తెరిచి చూడండి. లైనక్స్ సర్వర్ల టెంప్లేట్‌లో తనిఖీ 24 గంటలూ జరుగుతుంది, హెచ్చరిక మాత్రం ‘వర్క్‌అవర్స్’లోనే వెళ్తుంది. నిద్రలేపితే అడ్మిన్లకు నచ్చదు కాబట్టి పగలే పంపుతున్నామని పక్కనే రాసి ఉంటుంది. ఆ వర్క్‌అవర్స్ ఏమిటో ఇంకో ఫైల్లో ఉంటుంది: సోమవారం నుంచి శుక్రవారం దాకా, ఉదయం 9 నుంచి సాయంత్రం 5 వరకు. కువైట్‌లో శుక్ర, శనివారాలు సెలవు. ఆదివారం నుంచి పని మొదలు. ఈ టెంప్లేట్‌ని ఉన్నదున్నట్టు వాడిన ఆఫీసులో ఆదివారం పొద్దున్న సర్వర్ పడిపోతే దాని గురించి మెయిల్ కదిలేది సోమవారం 9 గంటలకు. అదైనా వెళ్లేది నమూనాలో ఉన్న లోకల్‌హోస్ట్ చిరునామాకి, అంటే అదే సర్వర్‌లో ఎవరూ తెరవని మెయిల్‌బాక్స్‌లోకి. చిరునామా మార్చుకోమని ఆ ఫైల్లోనే రాసి ఉంటుంది కాబట్టి ఇందులో సాఫ్ట్‌వేర్ రాసినవాళ్ల తప్పేమీ లేదు. నమూనాని నిర్ణయంగా తీసుకున్నవాళ్లదే తప్పు.

ఇక ఎండ సంగతి. 2016 జులై 21న కువైట్‌లోని మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. సర్వర్‌లోకి వెళ్లే గాలి 18 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలని ఆష్రే ప్రమాణం. ఈ రెంటికీ మధ్య ఉన్నది ఒక్క ఏసీ. 2024 జూన్‌లో ఎండలకు వాడకం పెరిగిపోయి, కువైట్ చరిత్రలో తొలిసారి వేళలు ప్రకటించి మరీ కరెంటు కోతలు పెట్టారు. కోత పడితే చిన్న ఆఫీసు సర్వర్ రూమ్‌లో ఏం జరుగుతుందో వరసగా చూడండి. యూపీఎస్ అందుకుంటుంది. సర్వర్ ఆగదు, స్విచ్ ఆగదు, పింగ్‌కి జవాబు వస్తూనే ఉంటుంది, స్క్రీన్ పచ్చగానే ఉంటుంది. కానీ యూపీఎస్ మీద ఏసీ ఉండదు. తలుపు వేసిన గదిలో యంత్రాలు తమ వేడిలో తామే ఉడుకుతుంటాయి. యూపీఎస్ ఎంత ఎక్కువసేపు నిలబడితే గది అంత వేడెక్కుతుంది. ఇక్కడ ముందుగా మోగాల్సింది సర్వర్ పడిపోయిందన్న హెచ్చరిక కాదు. యూపీఎస్ బ్యాటరీ మీదికి వెళ్లిందని, గది వేడెక్కుతోందని చెప్పే హెచ్చరికలు. చాలా యూపీఎస్‌లు, స్విచ్‌లు ఈ సంగతులు ఎస్‌ఎన్‌ఎంపీ అనే ప్రోటోకాల్ ద్వారా చెప్పగలవు. అడిగేవాళ్లే లేరు.

అవతలివాళ్ల వాదనల్లో బలమైనది ఒకటుంది: ఏది ముఖ్యమో ముందే ఎవరికి తెలుసు, అన్నిటికీ అలర్ట్ పెడితే ఏదీ తప్పిపోదు కదా అని. రికార్డు చేయడం వరకు నేనూ ఒప్పుకుంటాను. డిస్క్ చవక, ఎంతైనా దాచుకోండి. అలర్ట్ ఖర్చయ్యేది డిస్క్ మీద కాదు, మనిషి ఓపిక మీద. నాగియోస్ నమూనాలో సొంత సర్వర్‌కి పెట్టిన గీత ప్రకారం పింగ్ 100 మిల్లీసెకన్లు దాటితే వార్నింగ్. అదే గీతని అమెరికాలోని క్లౌడ్ సర్వర్‌కీ పెడితే, అంత దూరానికి 100 దాటడం మామూలే కాబట్టి ఆ వరస ఎప్పటికీ పసుపుగానే ఉంటుంది. రోజూ వచ్చే మెయిల్‌ని ఇంజనీర్ ఒక ఫోల్డర్‌లోకి తోసేస్తాడు. అతను బద్ధకస్తుడని కాదు, మనిషన్నవాడు ఎవరైనా చేసేది అదే. నిజంగా దారి మళ్లి పింగ్ రెట్టింపైన రోజున ఆ మెయిల్ కూడా అదే ఫోల్డర్‌లోకి పోతుంది.

అలాంటి రోజులు ఈ గల్ఫ్‌కి కొత్త కాదు. 2008 జనవరి 30న అలెగ్జాండ్రియా దగ్గర రెండు సముద్రగర్భ కేబుళ్లు తెగాయి. రెండు రోజులకు దుబాయ్ సమీపంలో ఫాల్కన్ కేబుల్ తెగింది. కువైట్‌తో పాటు చాలా దేశాల్లో ఇంటర్నెట్ మందగించింది. ఫాల్కన్‌ని తెంచింది వదిలేసిన లంగరని తర్వాత తేలింది. ఏ దారి తెగిందో ఆ దారినే హెచ్చరిక మెయిల్ పంపే ఏర్పాటు అలాంటి రోజున ఎందుకు పనికొస్తుంది? 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్ దాదాపు 6 గంటలు ఆగిపోయినప్పుడు, లోపలి ఇంజనీర్లు వాడే సాధనాలు కూడా దాంతోపాటే పడిపోయాయి. కాబట్టి మానిటరింగ్ సర్వర్‌కి సిమ్ వేసిన జీఎస్‌ఎం మోడెమ్ ఒకటి తగిలించాలి. బయట ఇంకెక్కడి నుంచో ఆ సర్వర్‌నే గమనించే కన్ను ఇంకొకటి ఉండాలి.

ఉచిత సాఫ్ట్‌వేర్ కాబట్టే ఈ తిప్పలని, ఖరీదైనది కొంటే తీరిపోతాయని ఇంకొందరంటారు. సోలార్‌విండ్స్ ఓరియన్ అనే మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ ఖరీదైనదే. దాని అప్‌డేట్‌లోనే దొంగ కోడ్ దూరిందని 2020 డిసెంబరులో బయటపడింది, 18,000 మంది దాకా కస్టమర్లకు అది చేరింది. అన్ని పరికరాల తాళాలూ ఉండే చోటు మానిటరింగ్ సర్వర్. దానికి ధర రక్షణ కాదు. ఇంకా చాలా చోట్ల స్విచ్‌లు పాస్‌వర్డ్‌లా పనిచేసే ‘పబ్లిక్’ అనే అందరికీ తెలిసిన పేరుతోనే, ఎన్‌క్రిప్షన్ లేని ఎస్‌ఎన్‌ఎంపీ రెండో వెర్షన్‌తోనే మాట్లాడుతున్నాయి. భద్రత ఉన్న మూడో వెర్షన్ ప్రమాణం 2002లోనే వచ్చింది. ఏ లైసెన్సూ దాన్ని మీ కోసం ఆన్ చేయదు.

ఇదంతా చేయడానికి టైమ్ ఎక్కడిదని అడుగుతారు. ఆఫీసులో ఉన్నది ఒక్కడే ఇంజనీర్ అంటారు. ఒక్కడే ఉన్నాడు కాబట్టే ఇది మరీ అవసరం. సర్వర్ మాడిపోయిన రోజున మొదట సంజాయిషీ అడిగేది కాంట్రాక్టు మీద వచ్చిన మనవాడినే. అతనికి ఇవ్వాల్సింది ఇంకో స్క్రీన్ కాదు. ప్రతి అలర్ట్‌కీ ఎవరు లేస్తారో, లేచి మొదట ఏం చేస్తారో రాసుకునే అధికారం ఇవ్వాలి. ఎవరూ లేవక్కర్లేని అలర్ట్‌ని తీసేసే అధికారం కూడా.

అందుకే మేనేజర్లని అడిగేది ఒకటే. పచ్చటి స్క్రీన్ చూసి పని పూర్తయిందని సంతకం పెట్టకండి. ఒక శుక్రవారం రాత్రి, ఇంజనీర్‌ని పక్కనే ఉంచుకుని యూపీఎస్‌కి వచ్చే కరెంటు తీయండి, ఇంకోసారి ఇంటర్నెట్ వైరు పీకండి. సరైన మనిషి ఫోన్ మోగితే సంతకం పెట్టండి. మోగకపోతే మానిటరింగ్ ఇంకా మొదలు కాలేదని అర్థం.