పక్క చేలో ముఠాకి కూలెంత?

సంక్రాంతి దాటితే చాలు, బేస్తవారిపేట బస్టాండులో మూటాముల్లె సర్దుకుని కూర్చున్న ఆడవాళ్ళు కనబడతారు. సత్తు గిన్నెలు, బియ్యం సంచి, చంకలో పసివాడు. మార్కాపురం, కంభం, గిద్దలూరు చుట్టుపక్కల వానాధారపు పల్లెల్లో పని దొరక్క గుంటూరు, పల్నాడు వైపు మిరపకాయ కోతలకు బయల్దేరిన వాళ్ళు. అక్కడి కూలీలు వీళ్ళను చూసి ఏమంటారో తెలుసా? "ఎక్కడినుంచో వచ్చి మా కూలి చెడగొడుతున్నారమ్మా!" అని. మనవాళ్ళు మాత్రం తక్కువ తిన్నారా? హైదరాబాదులో బేల్దారి పనికి వెళ్ళినప్పుడు ఒడిశా, బీహారు కూలీలను చూసి అదే మాట అంటారు.

ఒకప్పుడు అమెరికాలో ఈ మాట ఇటలీవాళ్ళు పడ్డారు. దక్షిణ ఇటలీ పల్లెల్లో పొట్ట గడవక ఓడలెక్కిన బీదవాళ్ళు వాళ్ళు. అక్కడి తెల్లవాళ్ళు వాళ్ళను తమతో సమానంగా చూడలేదు. 1891లో న్యూ ఆర్లియన్సులో ఒక మూక జైల్లోకి చొరబడి పదకొండు మంది ఇటలీవాళ్ళను చంపేసింది.

1912 జనవరిలో లారెన్సు అనే మిల్లుల ఊళ్ళో ఏమైందంటే, ఆడవాళ్ళకీ పిల్లలకీ వారానికి 56 గంటల పనిని 54కి తగ్గిస్తూ చట్టం వచ్చింది. మంచిదే కదా అనుకుంటాం. యజమానులు ఆ రెండు గంటల జీతం కోసేశారు! రొట్టె కొనుక్కునే డబ్బు అది. ముందు పోలండు ఆడవాళ్ళు మగ్గాలు ఆపేశారు, మర్నాడు ఇటలీవాళ్ళు వీధిన పడ్డారు. ఉన్న పెద్ద కార్మిక సంఘం వలస వచ్చినవాళ్ళతో ఏమవుతుందిలే అని మొహం చాటేసింది. రంగూ దేశమూ చూడకుండా అందర్నీ చేర్చుకునే ఇంకో సంఘం తరఫున జోసెఫ్ ఎట్టర్, అర్తురో జొవాన్నిట్టి అనే ఇద్దరు ఇటలీ మూలాల వాళ్ళు వచ్చారు. వాళ్ళు చేసిన ముఖ్యమైన పని, ఒక్కో దేశం వాళ్ళనుంచి మనుషుల్ని కమిటీలో కూర్చోబెట్టి, ప్రతి మాటా అందరి భాషల్లోకీ చెప్పించడం. అన్నా లొపిజ్జో అనే కార్మికురాలు తుపాకి గుండుకి చనిపోతే, అక్కడ లేని ఆ ఇద్దరి మీదే కేసు పెట్టారు. నవంబరులో నిర్దోషులని విడిచిపెట్టారు. సమ్మె మాత్రం మార్చిలోనే గెలిచింది.

ఆ రోజుల్లోనే కార్మెలా తియోలి అనే ఇటలీ పిల్ల వాషింగ్టన్ వెళ్ళి చట్టసభ కమిటీ ముందు నిలబడింది. మిల్లు యంత్రం జుట్టు పట్టి లాగి ఆమె నెత్తిమీది చర్మాన్ని ఊడబెరికింది. నెలల తరబడి ఆస్పత్రిలో ఉంటే కంపెనీ ఆస్పత్రి ఖర్చు ఇచ్చింది, జీతం ఇవ్వలేదు. పెద్దయ్యాక ఆమె తన కూతురికి ఈ సంగతి చెప్పనే లేదట. తల్లి నెత్తిమీది మచ్చ కనబడకుండా రోజూ జుట్టు దువ్వి ముడి వేసింది ఆ కూతురే. తల్లి పోయిన తర్వాత 1976లో ఒక పత్రికా రచయిత చెబితే గాని తెలియలేదు. మన ఇళ్ళలో ఇలా దాచిన మచ్చలు ఎన్నో!

ఇటలీవాళ్ళేమీ దేవతలు కారు. కాలక్రమంలో తెల్లవాళ్ళలో కలిసిపోయాక, నల్లవాళ్ళు పక్కింట్లోకి వస్తే అడ్డుపడ్డవాళ్ళు వాళ్ళలోనూ ఉన్నారు.

మన తెలుగువాళ్ళ సంగతే చూడండి. రంగూను రేవులో మూటలు మోసింది ఎక్కువగా మనవాళ్ళే. కోరంగి రేవు పేరుమీద వాళ్ళను అక్కడ 'కోరంగీలు' అనేవారు. 1930 మే నెలలో కూలి పెంచమని సమ్మె చేస్తే, యజమానులు బర్మా కూలీలను దించారు. తర్వాత మనవాళ్ళతో రాజీ కుదుర్చుకుని బర్మావాళ్ళను పొమ్మన్నారు. మే 26న రేవులో మొదలైన తగువు ఊరంతా పాకి, వందమందికి పైగా ప్రాణాలు పోయాయి. చచ్చినవాళ్ళలో ఎక్కువమంది తెలుగువాళ్ళే. కూలి ఎగ్గొట్టాలని చూసిన యజమాని ఒంటిమీద గీత పడలేదు. లారెన్సులో మాటలు అందరి భాషల్లోకీ వెళ్ళాయి. రంగూనులో సమ్మెకి ముందు బర్మా కూలీ గుమ్మంలోకి వెళ్ళి "మేం ఇందుకు పని మానుతున్నాం" అని చెప్పే దారే పడలేదు.

ఈ ఏడు కోతలకు వెళ్ళే అక్కచెల్లెళ్ళూ, మేస్త్రీ దగ్గర అడ్వాన్సు పుచ్చుకునే ముందు పక్క చేలో ముఠాకి ఎంత ఇస్తున్నారో కనుక్కోండి. వాళ్ళు తెలుగువాళ్ళు కాకపోయినా సరే, అడగండి. భాష రాకపోతే వేళ్ళు చూపించినా తెలుస్తుంది.