దమ్ము పెరగడానికి కాలము కావాలి

ప్రభుత్వోద్యోగ ప్రకటన వెలువడగానే మన ఊళ్ళలో కళాశాల మైదానములు, రహదారుల పక్క బాటలు తెల్లవారక మునుపే యువతీయువకులతో నిండిపోతాయి. అంతవరకు పుస్తకములతో గది దాటనివారు కూడా మరునాటి నుంచే గడియారము చూసుకుంటూ, ఊపిరి బిగబట్టి పరుగెడతారు. ఆ పట్టుదల మెచ్చదగినదే. అయితే దమ్ము పట్టుదలకు మాత్రమే లొంగదు. గుండె, రక్తము, కండరములు, ఎముకలు తమను తాము మార్చుకుంటే గాని దమ్ము పెరగదు. ఆ మార్పునకు నెలలు పడతాయి. ఆ నెలలను అభ్యర్థులు తీసుకోవాలి, నియామక సంస్థలు ఇవ్వాలి అన్నది నా నిశ్చితాభిప్రాయము.

2024 ఆగస్టులో ఝార్ఖండ్ రాష్ట్రములో ఎక్సైజు కానిస్టేబులు ఉద్యోగములకు దేహదారుఢ్య పరీక్షలు మొదలయ్యాయి. పురుషులు 10 కిలోమీటర్ల దూరమును ఒక గంటలో పరుగెత్తవలసి ఉండేది. కొద్ది వారములలోనే పదిమందికి పైగా అభ్యర్థులు మరణించారు. ప్రభుత్వము పరీక్షలను కొన్నిరోజులు నిలిపివేయవలసి వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనూ పోలీసు నియామకములకు 5 కిలోమీటర్ల పరుగు ఉండేది. ఆ పరుగులో కుప్పకూలి ప్రాణములు కోల్పోయిన యువకుల వార్తలు పాఠకులలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. రాష్ట్ర విభజన తరువాత తెలంగాణలో ఆ పరుగును తొలగించారు. 2022 నియామకములలో పురుషులకు 1600 మీటర్ల పరుగు పెట్టి, 7 నిమిషముల 15 సెకన్లలో ముగించాలన్నారు.

గంటకు 10 కిలోమీటర్లు అలవాటు ఉన్నవారికి అసాధ్యమైన వేగము కాదు. ఆరోగ్యవంతుడైన ఇరవై రెండేళ్ళ యువకుడు నాలుగైదు నెలల సాధనతో దానిని అందుకోగలడు. సాధన లేని శరీరమును ఉక్కపోత కాలములో, నిద్ర చాలని స్థితిలో, ఒక్కసారిగా ఆ వేగమునకు నెట్టినపుడే ప్రమాదము కలుగుతుంది.

దమ్ము ఎలా పెరుగుతుంది?

క్రమముగా పరుగెత్తేవారిలో మొదటి ఒకటి రెండు వారములలోనే రక్తములోని ద్రవభాగము పెరుగుతుంది. పిమ్మట నెలల తరబడి సాధనతో గుండె గదులు కొంత విశాలమై, ఒక్కొక్క స్పందనలో ఎక్కువ రక్తమును పంపుతాయి. అందుచేతనే దీర్ఘకాలము పరుగెత్తేవారికి విశ్రాంతిలో నాడి నెమ్మదిగా కొట్టుకుంటుంది. కండరములలో కేశనాళికలు పెరుగుతాయి. ప్రాణవాయువును వినియోగించి శక్తిని పుట్టించే మైటోకాండ్రియాలు వృద్ధి చెందుతాయి. ఇదివరకు ఆయాసము కలిగించిన వేగము ఇపుడు సులభముగా తోస్తుంది.

ఎముకల నడక వేరు. కొత్త భారము పడినపుడు ఎముక ముందు తనలోని పాత భాగమును కరిగించుకొని, తరువాత కొత్త ఎముకతో పూడ్చుకుంటుంది. కరిగించడము కొన్ని వారములలో జరిగితే, పూడ్చుకోవడానికి సుమారు మూడు నెలలు పడుతుంది. అంటే పరుగు ప్రారంభించిన తొలి వారములలో మోకాలి కింది ఎముక కొంతకాలము మునుపటి కంటె బలహీనముగా ఉంటుంది. మడమ వెనుక ఉండే స్నాయువు కూడా మెల్లగానే గట్టిపడుతుంది. నాలుగో వారములో ఊపిరి తేలికపడి, ఉత్సాహము పొంగి, దూరమును రెట్టింపు చేసేవారు సరిగా ఈ సమయములోనే దెబ్బ తింటారు. సర్వీసులో ఉన్న రోజులలో, నియామకముల కాలము రాగానే కాలి ఎముకపై ఒకేచోట వేలు పెట్టి చూపుతూ వచ్చే యువకులను ఎందరినో చూశాను. వారి ఎముకలలో సన్నని చీలికలు ఉండేవి. విశ్రాంతి తప్ప మందు లేదు. పరీక్ష తేదీ మాత్రము ఆగదు.

మెల్లని పరుగే పునాది

న్యూజిలాండుకు చెందిన శిక్షకుడు ఆర్థర్ లిడియార్డ్ ఈ సత్యమును ప్రపంచమునకు చాటినవారిలో ముఖ్యుడు. ఆయన శిష్యుడు పీటర్ స్నెల్ 800 మీటర్ల పరుగువీరుడు. రెండు నిమిషములలోపు ముగిసే ఆ పందెమునకు ఆయన ఆదివారములు 35 కిలోమీటర్ల సుదీర్ఘ పరుగులతో సిద్ధమయ్యేవాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో 800 మీటర్లలో, 1964 టోక్యోలో 800, 1500 మీటర్లలో స్వర్ణపతకములు గెలిచాడు. మన అభ్యర్థులకు అంత దూరములు అవసరము లేదు. వేగమునకు ముందు పునాది పడాలన్న సూత్రము మాత్రము వారికీ వర్తిస్తుంది.

పరుగెత్తుతూ పక్కవారితో పూర్తి వాక్యములు మాట్లాడగలిగితే ఆ వేగము సరైనది. మాట తెగిపోతుంటే వేగము తగ్గించాలి. కొత్తగా ప్రారంభించేవారు వారమునకు నాలుగు రోజులు, రోజుకు అరగంట, రెండు నిమిషములు నడక, ఒక నిమిషము మెల్లని పరుగు చొప్పున చేయాలి. క్రమముగా నడక తగ్గించి, ఆరు నుంచి ఎనిమిది వారములలో అరగంట ఎడతెగని పరుగునకు చేరవచ్చు. ఆపై వారమునకు ఒక రోజు మాత్రము దూరమును కొద్దికొద్దిగా పెంచాలి. ప్రతి నాలుగో వారములో భారము తగ్గించి శరీరమునకు కోలుకునే అవకాశమివ్వాలి. వేగముతో కూడిన సాధన మూడు నెలల తరువాత, వారమునకు ఒక్కరోజు చాలు. 1600 మీటర్లను 7 నిమిషముల 15 సెకన్లలో ముగించదలచినవారు 400 మీటర్లను సుమారు 108 సెకన్లలో పరుగెత్తి, విశ్రాంతి తీసుకొని, ఆ విధముగా నాలుగైదు మార్లు చేయడము మంచి అభ్యాసము.

పరుగునకు ముందు రక్తపరీక్ష

ప్రాణవాయువును మోసుకుపోయేది రక్తములోని హీమోగ్లోబిన్. అది తక్కువైతే ఎంత సాధన చేసినా దమ్ము పెరగదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతమునకు, పురుషులలో 25 శాతమునకు రక్తహీనత ఉన్నట్లు తేలింది. కనుక మొట్టమొదటి ఖర్చు బూట్ల కంటె ముందు హీమోగ్లోబిన్ పరీక్షకు పెట్టాలి. ప్రభుత్వాసుపత్రులలో ఆ పరీక్షకు ఖర్చే ఉండదు. లోపముంటే వైద్యుల సలహాపై ఇనుము మాత్రలు వాడాలి. భోజనముతో పాటు టీ త్రాగితే ఇనుము సరిగా ఒంటబట్టదు.

పరుగులో ఛాతీనొప్పి, స్పృహ తప్పడము, గుండెదడ కలిగినవారు, యాభై ఏళ్ళ లోపు ఆకస్మికముగా మరణించిన రక్తసంబంధీకులు ఉన్నవారు వైద్యులకు చూపించుకోకుండా పరుగెత్తరాదు. జ్వరముతో పరుగెత్తరాదు. కొన్ని వైరసులు గుండె కండరమునకు తాపము కలిగిస్తాయి. దమ్ము పెంచుతాయని చెప్పి ఎవరో ఇచ్చే మాత్రలు, ఇంజెక్షన్లు తాకరాదు.

నియామక సంస్థలకు మనవి

పరుగు పరీక్ష తేదీని కనీసము నాలుగు నెలల ముందు ప్రకటించాలి. పరుగును చలికాలపు ఉదయములలో పెట్టాలి. రాత్రంతా వరుసలో నిలిచి, ఏమీ తినక వచ్చినవారిని పరుగెత్తించరాదు. పరుగునకు ముందు రక్తపుపోటు, హీమోగ్లోబిన్ చూడాలి. మైదానములో డీఫిబ్రిలేటరు, దానిని వాడడము తెలిసినవారు, మంచునీళ్ళ తొట్టెలు ఉండాలి. వడదెబ్బకు మాట తడబడి పడిపోయినవారిని ముందు చల్లబరచి, ఆ తరువాతనే ఆసుపత్రికి తరలించాలి. ఆ మొదటి అరగంటే ప్రాణము నిలుపుతుంది.

రక్షక దళములకు బలవంతులు కావాలి, పరీక్షలను సుకుమారము చేయరాదు అనేవారున్నారు. నేను దూరము తగ్గించమని అనడము లేదు. సిద్ధమయ్యే వ్యవధి లేని పరుగులో అదృష్టవంతులు నెగ్గుతారు, వ్యవధి ఉన్న పరుగులో సమర్థులు నెగ్గుతారు. దళమునకు కావలసినది రెండవవారే కదా.

ఇక యువతకు ఒక్క మాట. వచ్చే ప్రకటన ఎప్పుడు వెలువడుతుందో ఎవరూ చెప్పలేరు. కాబట్టి దాని కోసము ఎదురుచూడకండి. ఈ వారమే హీమోగ్లోబిన్ చూపించుకొని, రేపటి ఉదయము నుంచి వారమునకు నాలుగు రోజులు మాట్లాడుకుంటూ మెల్లగా పరుగెత్తండి. ప్రకటన వెలువడే నాటికి మీ కాళ్ళు, గుండె సిద్ధముగా ఉంటాయి.