గగనయానమును నేలదారియు

విశాఖపట్టణ విమానాశ్రయమునుండి హైదరాబాదువారి శంషాబాదు విమానాశ్రయమునకు సూటిగా లెక్కించిన దూరము సుమారు 510 కిలోమీటర్లు. రహదారిని పోవువారికిది 600 కిలోమీటర్లకు మించును. రైలుబండిలో ఒక రాత్రి గడచును. విమానమునకు గంటంపావు చాలునని కాలపట్టికలు చెప్పుచున్నవి. ఈ మాట అసత్యము గాదు; కాని ప్రయాణికునకు సంపూర్ణసత్యమును గాదు.

ఆ గంటంపావైనను ఆకాశమందే గడచునది గాదు. జెట్ విమానము పూర్తి వేగమున గంటకు సుమారు 800 కిలోమీటర్లు పోవును. తుదముట్ట ఆ వేగముతోనే సాగినచో 510 కిలోమీటర్లకు 40 నిమిషములైనను పట్టదు. తక్కిన కాలము పరుగుబాటను జేరుటకును, మీదికెక్కుటకును, వేగము తగ్గించి దిగుటకును వ్యయమగుచున్నది. కంపెనీలవారు దీనినిగూడ కలిపియే ప్రకటింతురు. వారి గడియారము విమానము కదలినప్పుడు మొదలై నిలిచినప్పుడు ఆగును. ప్రయాణికుని గడియారమో, ఇంటి గడప దాటినప్పుడే మొదలగును. సామాను అప్పగించు స్థానమును సాధారణముగా గంట ముందుగనే మూసివేయుదురు. అంతకుమున్ను ఊరి వీథులు దాటవలెను. దిగినపిమ్మట సామానునకై నిలువవలెను. మరల నగరమును జేరవలెను. ఇవియన్నియు గూడి గంటంపావు ప్రయాణము నాలుగైదు గంటలగుచున్నది.

దూరము తగ్గినకొలది ఈ భారము హెచ్చుగ దోచును. గన్నవరమునుండి శంషాబాదునకు ఆకాశమార్గము సుమారు 265 కిలోమీటర్లు. విజయవాడ హైదరాబాదుల నడుమ రహదారి సుమారు 275. విమానము గంటలో చేరినను, రెండు కొసల కాలమును కలిపినచో, కారులో ఐదు గంటలకు చేరువానికంటె మిగులు లాభము స్వల్పమే. విమానవేగమును పెంచుట మన చేతిలో లేదు. నేలదారిని చక్కజేయుట మన ప్రభుత్వముల చేతిలోనున్నది.

ఈ విషయమున హైదరాబాదు అనుభవము మరువరానిది. 2008 మార్చిలో ప్రయాణిక విమానములు నగరమందలి బేగంపేటను విడిచి శంషాబాదునకు మారినవి. మెహిదీపట్నమునుండి ఆరాంఘర్ వరకు 11 కిలోమీటర్లకు పైబడిన పి. వి. నరసింహారావు వంతెనదారి 2009 అక్టోబరులోగాని తెరువబడలేదు. ఆ 19 నెలలును ప్రయాణికులు వీథుల రద్దీని భరింపవలసివచ్చెను. విమానాశ్రయము ముందు, దారి వెనుక యను క్రమము మరల రాగూడదు.

ఇప్పుడు విశాఖవారికి అదే పరీక్ష. 2023 మే నెలలో శంకుస్థాపన జరిగిన భోగాపుర విమానాశ్రయము నగరమునకు సుమారు 45 కిలోమీటర్ల దూరమున నున్నది. పాత స్థలము నౌకాదళమువారిది; నగరమునకు సొంత విమానాశ్రయము వలయుననుట న్యాయమే. దానిని మేము కాదనము. కాని కాలపట్టికలో గంటంపావు గంటంపావుగనే యుండగా, ప్రయాణికునకు పోకకొక గంట, రాకకొక గంట అదనమైనచో, ఆ నష్టము ఏ లెక్కలోను కనబడదు. సొంత కారు గలవాడు దానినెట్లో భరించును. వైద్యమునకై పోవు రోగియు, ఉద్యోగ పరీక్షకు బయలుదేరిన పేద విద్యార్థియు ఏమి చేయుదురు?

కావున ప్రభుత్వమువారు రెండు పనులు చేయవలెను. ప్రతి విమానవేళకును, తెల్లవారుజామున సైతము, నగరపు నాలుగు దిక్కులనుండియు సరసమైన చార్జీకి బస్సులు నడుపవలెను. నగరమునుండి భోగాపురము చేరుటకు పట్టు కాలమింతయని ప్రకటించి, దానికి బాధ్యత వహింపవలెను. విమానాశ్రయమునకై భూములిచ్చిన రైతుల త్యాగము మేడలచేతగాక, జనులకు మిగిలిన గంటలచేతనే సార్థకమగును.