ఆకు రాలకముందే చిగురు



మీ తరగతిలో ఒకడు పరీక్ష తప్పాడు. అందరూ ఆడుకుంటూంటే వాడొక్కడే గోడవారగా కూర్చున్నాడు. వాడికి మీరేం చెబుతారు? "ఫరవాలేదులే" అంటే దుఃఖం తీరదు కదా!

అటువంటి వారికి తోడుండే పాట ఒకటి ఉన్నది. దాన్ని రాసిన చంద్రబోస్ మన హనుమకొండ ప్రాంతంవారే. పూర్వపు వరంగల్ జిల్లాలోని చల్లగరిగ ఆయన ఊరు. ఆయన ఇంజనీరింగు చదివారు. గాయకుడు కావాలనుకున్నారు, కుదరలేదు. అయినా పాటను వదలలేదు. పాడే బదులు రాయసాగారు. 1995లో 'తాజ్‌మహల్' చిత్రానికి తొలి పాట రాశారు.

2004లో 'నా ఆటోగ్రాఫ్' చిత్రం కోసం, ఓడిపోయినవారికి మొక్కను గురువుగా చూపిస్తూ ఒక పాట రాశారు. కీరవాణి బాణీ కట్టారు, చిత్ర పాడారు. 2023లో చంద్రబోస్, కీరవాణి ఇద్దరూ 'ఆర్ఆర్ఆర్' పాటకు ఆస్కార్ బహుమతి అందుకున్నారు. తొలి పాటకూ దీనికీ మధ్య 28 ఏళ్లు!

మొక్క నిజంగా గురువేనా? మీరే చూడండి. ఆకు తొడిమ కొమ్మకు అతికినచోట చిన్న మొగ్గ ఉంటుంది. ఆకు రాలకముందే అది అక్కడ తయారవుతుంది. ఆకు రాలటం అందరికీ కనబడుతుంది. మొగ్గ పడే శ్రమ ఎవరికీ కనబడదు.

మీ నేస్తం చదివిన చదువూ అంతే, ఎక్కడికీ పోలేదు. రేపు వాడి పక్కన కూర్చుని, "ఏ లెక్క రాలేదురా? కలిసి చేద్దాం" అనండి.