లెక్క తేలని ప్రాణాలు

హైదరాబాద్-బెంగళూరు రహదారి మీద 2013 అక్టోబర్ 30 తెల్లవారుజామున మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర ఓ ప్రైవేటు బస్సు కల్వర్టును ఢీకొని తగలబడింది. 45 మంది నిద్రలోనే బూడిదయ్యారు. దాదాపు పన్నెండేళ్లకు, 2025 అక్టోబర్ 24న, అదే రహదారి మీద కర్నూలు సమీపంలో మరో ప్రైవేటు బస్సు కాలిపోయింది. రెండుసార్లూ నడిచిన తంతు ఒక్కటే. నేతలు పరామర్శించారు. ఎక్స్‌గ్రేషియా ప్రకటించారు. రవాణా అధికారులు కొన్నాళ్లు బస్సులు ఆపి తనిఖీలు చేశారు. తర్వాత అందరూ మరిచిపోయారు.

అలాంటి ఘోరాలైనా కనీసం పతాక శీర్షికలకెక్కుతాయి. కేంద్ర రవాణా శాఖ లెక్క ప్రకారం 2023లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవారు 1,72,890 మంది. అంటే రోజుకు 470కి పైనే. నిత్యం ఓ పెద్ద విమానం కూలిపోతున్నా అంతమంది పోరు. అతివేగమే ఇందులో ప్రధాన ముద్దాయి. మృతుల్లో సగానికి కాస్త తక్కువ మంది ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవారే. పొలం నుంచి ఇంటికో, పని నుంచి ఊరికో బయల్దేరి దారిలో ఆగిపోయినవాళ్లు.

వాళ్ల గడప తొక్కడానికి మంత్రులు రారు. దినకర్మ అయ్యేలోపు వచ్చేది లారీ యజమాని తరఫు పెద్దమనుషులు. ‘‘పోయినవాడు ఎలాగూ తిరిగి రాడు, కోర్టుల చుట్టూ ఏం తిరుగుతావమ్మా’’ అన్న ఓదార్పుతో పంచాయితీ మొదలవుతుంది. యాభై వేలో, లక్షో చేతిలో పెట్టి కాగితం మీద వేలిముద్ర తీసుకోవడంతో ముగుస్తుంది. ఆ ఇల్లాలికి తెలియనిదల్లా ఒక్కటే. చట్టం తన భర్త ప్రాణానికి కట్టే లెక్క వేరు.

ఆ లెక్క ఏమంత బ్రహ్మవిద్య కాదు. 2009లో సరళా వర్మ కేసులో, 2017లో ప్రణయ్ సేఠీ కేసులో సుప్రీంకోర్టు దానికి స్పష్టమైన సూత్రం చెప్పింది. నెలకు 15,000 సంపాదించే 34 ఏళ్ల తాపీమేస్త్రి చనిపోయాడనుకుందాం. భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి అతని మీదే ఆధారపడ్డారు. నలభై ఏళ్లలోపు స్వయం ఉపాధి కాబట్టి భవిష్యత్తులో పెరిగే రాబడి కింద 40 శాతం కలిపితే నెలకు 21,000 అవుతుంది. అందులో అతని సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేస్తే మిగిలేది 15,750. ఏడాదికి 1,89,000. ఆ వయసుకు వర్తించే గుణకం 16. మొత్తం 30,24,000 రూపాయలు. అంత్యక్రియల ఖర్చు వంటివి దీనికి అదనం. పంచాయితీలో యాభై వేలకు తెగ్గొట్టింది ఈ మొత్తాన్నే.

పైగా ఈ సొమ్ము లారీ యజమాని ఆస్తులమ్మి తేవాల్సింది కాదు. థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి కాబట్టి సాధారణంగా బీమా కంపెనీయే చెల్లిస్తుంది. డ్రైవర్‌కు సరైన లైసెన్సు లేదని కంపెనీ అడ్డం తిరిగినా, ముందు బాధితులకు చెల్లించి తర్వాత యజమాని నుంచి రాబట్టుకోమని ట్రిబ్యునళ్లు ఆదేశించిన సందర్భాలు కోకొల్లలు. డ్రైవర్ మీద క్రిమినల్ కేసు కొట్టేసినా పరిహారం దావాకు దారి మూసుకుపోదు. రెండూ వేర్వేరు.

గాయపడ్డవారి సంగతీ అంతే. వైద్యుడు సర్టిఫికెట్లో రాసే వైకల్య శాతం వేరు, మనిషి కోల్పోయే సంపాదన వేరని 2010లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. చెయ్యి పోయిన గుమస్తా ఉద్యోగం నిలుపుకోవచ్చు. అదే చెయ్యి పోయిన వడ్రంగికి బతుకుతెరువే పోయినట్టు. ఇంట్లో చాకిరీ చేసే గృహిణి శ్రమకూ విలువ కట్టాల్సిందేనని 2021లో అదే కోర్టు చెప్పింది.

చట్టం ఇంత ఉదారంగా ఉన్నా అమలులో చిక్కుముడులకు కొదవ లేదు. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ దావా వేయడానికి ఆరు నెలల గడువు పెట్టింది. ఆస్పత్రి మంచం మీద ఉన్నవాడికి ఆరు నెలలంటే ఎంత? ఈ నిబంధనను సవాలు చేసిన కేసులో, గడువు దాటిందన్న కారణంతో దావాలు కొట్టేయవద్దని 2025 నవంబర్‌లో సుప్రీంకోర్టు మధ్యంతరంగా ఆదేశించింది. తుది తీర్పును నమ్ముకుని కూర్చోవడం కన్నా ఆరు నెలల్లోపే దావా వేయడం క్షేమం. ఢీకొట్టిన వాహనం దొరక్కుండా పారిపోతే కేంద్ర పథకం కింద మృతుడి కుటుంబానికి 2 లక్షలు, తీవ్రంగా గాయపడితే 50,000 ఇస్తారు. 2022కు ముందు ఇది పాతిక వేలు, పన్నెండున్నర వేలే. పెంచారని సంతోషించాలో, వాహనం నంబరు దొరికితే లక్షలు, దొరక్కపోతే ఇంతేనా అని బాధపడాలో తెలియదు.

పోలీసులు ప్రమాదం జరిగిన 48 గంటల్లో తొలి నివేదిక, 90 రోజుల్లో సమగ్ర నివేదిక ట్రిబ్యునల్‌కు ఇవ్వాలన్నది కూడా 2022 నిబంధనే. ఆ పని సక్రమంగా జరిగితే ఎఫ్ఐఆర్, పోస్టుమార్టం కాగితాల కోసం బాధితులు స్టేషన్ల చుట్టూ ప్రదక్షిణలు చేయాల్సిన అగత్యమే ఉండదు. వచ్చిన దాంట్లో వాటా మాట్లాడుకుని ఆస్పత్రి వరండాలో వకాలత్ మీద సంతకం తీసుకునే దళారుల గిరాకీ కూడా పడిపోతుంది.

అందుకే బాధిత కుటుంబం గుర్తుంచుకోవాల్సినవి మూడు. తొందరపడి ఏ కాగితం మీదా సంతకం పెట్టకూడదు. దావాను ప్రమాదం జరిగిన చోటే కాదు, తాము నివసించే ప్రాంతంలోని ట్రిబ్యునల్లోనూ వేయొచ్చు. జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ను ఇస్తుంది, మహిళలకైతే ఆదాయంతో నిమిత్తం లేదు. లోక్ అదాలత్‌లో రాజీ త్వరగా తేలుతుంది గానీ దాని మీద అప్పీలు ఉండదు. కాబట్టి పైన చెప్పిన లెక్క ఒకసారి వేసుకున్నాకే తలూపాలి.

ఇక ప్రభుత్వాల విషయం. ఎక్స్‌గ్రేషియా ప్రకటించడానికి పూట చాలు. కూడలి దగ్గర మలుపు సరిచేయడానికి, బీమా లేని బండిని ఆపడానికి, రాత్రంతా స్టీరింగ్ పట్టుకున్న డ్రైవర్‌కు మార్చే మనిషిని పెట్టించడానికి ఏళ్లు పడుతోంది. ఒక్కో మృతికి చట్టం కట్టిన అసలు లెక్కను ప్రతి కుటుంబమూ అడగడం మొదలుపెడితే బీమా కంపెనీలు, బస్సు యజమానులు, రోడ్లు వేసే శాఖలు అప్పుడైనా ఉలిక్కిపడతాయి. మన దేశంలో ప్రాణం ఖరీదు తెలిసినచోటే దాని మీద శ్రద్ధ పుడుతోంది మరి.